బరువు తగ్గడానికి రోజూ చేసే పనులను కొలవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలతో సరిపెట్టుకునేవాళ్లు, కాఫీలో చక్కెర తీసేసినవాళ్లు, తెల్లారకముందే పార్కులో రౌండ్లు కొట్టేవాళ్లు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు. బరువు అదుపులో ఉంచుకోవడానికి ఎవరి ఉపాయం వాళ్లకుంది. ఈ ఉపాయాలను వరసగా అడిగి, లెక్కగట్టి, పోల్చి చూడటానికి పరిశోధకులు ప్రత్యేకంగా ప్రశ్నావళులు తయారుచేశారు. డైట్ క్లినిక్‌లో ఫారం నింపమంటే తడబడేవాళ్లు, ఈ అంశం మీద ప్రాజెక్టు చేసే విద్యార్థులు, ఇంట్లోనే తమను తాము గమనించుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. షుగర్, బీపీ మందులు వాడుతున్నవాళ్లు తిండి వేళలు మార్చేముందు డాక్టరుతో ఒక మాట మాట్లాడండి.

అసలు ఇక్కడ కొలిచేది ఏమిటి?

బరువు అదుపు కోసం మనిషి తెలిసి చేసే పనుల్ని. పళ్లెంలో అన్నం తగ్గించడం, ఇంట్లోకి మిక్చర్ పొట్లం తేకపోవడం, లిఫ్టు వదిలి మెట్లెక్కడం, వారానికోసారి తూచుకోవడం, చిరాకుగా ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా కాసేపు బయట తిరిగి రావడం, ఇలాంటివన్నీ. ఏ పని చేస్తున్నారు, ఎంత తరచుగా చేస్తున్నారు అన్న రెండు సంగతులూ పట్టుకుంటే కొలత అయినట్టే.

ఎన్ని కేలరీలు తిన్నారన్నది ఆహార సర్వే పని. ఎంతసేపు నడిచారన్నది శారీరక శ్రమ సర్వే పని. ఉపాయాల కొలత వాటి వెనక ఉన్న నిర్ణయాన్ని అడుగుతుంది. ఇద్దరు మనుషులు రాత్రి రెండేసి చపాతీలు తిన్నారనుకుందాం. ఒకరు బరువు తగ్గాలని తిన్నారు, ఇంకొకరు సాయంత్రం బజ్జీలు ఎక్కువై ఆకలి లేక అంతటితో ఆపారు. రాత్రి భోజనం ఒక్కటే చూస్తే ఆహార సర్వేలో ఇద్దరిదీ ఒకటే లెక్క. ఇక్కడ మాత్రం వేరు.

బీఎంఐ, నడుము కొలత ఉన్నాయిగా. ఇంకా ఇదెందుకు?

బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. ఆ లెక్క 1832లో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే ఆలోచన. ఆ పేరు పెట్టింది మాత్రం 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. మన దేశంలో డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మించకూడదంటారు. ఇవన్నీ ఇప్పటికి ఎక్కడ ఉన్నామో చెబుతాయి. అక్కడికి ఎలా వచ్చామో, అక్కడి నుంచి కదలడానికి ఏం చేస్తున్నామో చెప్పవు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం మందికి బీఎంఐ 25 లేదా అంతకన్నా ఎక్కువ ఉంది. దేశం మొత్తం మీద అది 24 శాతం. ఈ అంకెలు చూడగానే నాకు వచ్చే ప్రశ్న ఒకటే: వీళ్లలో ఎంతమంది తగ్గడానికి ఏదో ఒకటి చేస్తున్నారు, ఏం చేస్తున్నారు? ఆ సర్వేలో ఆ ప్రశ్నే లేదు. ఎవరు ఏం ప్రయత్నించి విసిగిపోయారో తెలియకుండా "తక్కువ తినండి, ఎక్కువ నడవండి" అని పోస్టర్లు అంటించడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు.

దీనికోసం తయారైన ప్రశ్నావళులు ఏవి?

మొదట్లో పరిశోధకుల చూపు పనుల మీద కన్నా మనసు మీదే ఎక్కువ ఉండేది. 1985లో అమెరికాలో స్టంకార్డ్, మెసిక్ 51 ప్రశ్నల ఫారం ఒకటి తెచ్చారు. తిండి విషయంలో మనిషి తనను తాను ఎంత కట్టడి చేసుకుంటాడు, ఆ కట్టడి ఎంత తేలిగ్గా తెగిపోతుంది, ఆకలి ఎంత వేధిస్తుంది అన్న మూడు అంశాలు అందులో ఉంటాయి. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ నుంచి 33 ప్రశ్నల ఫారం వచ్చింది. అది కట్టడితో పాటు దిగులు పుట్టి తినడం, కళ్లెదుట కనబడి తినడం అనేవాటిని విడిగా చూస్తుంది. ఈ రెండూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

1991లో జర్మనీ పరిశోధకుడు వెస్టన్‌హోఫర్ కట్టడి కూడా అందరిలో ఒకేలా ఉండదని చూపించాడు. "ఇక జన్మలో స్వీటు ముట్టను" అనేది ఒక రకం. "ఈ రోజు ఫంక్షన్‌లో తిన్నాను కాబట్టి రేపు కాస్త తగ్గిస్తాను" అనేది ఇంకో రకం. మొదటి రకం వాళ్లలో కట్టు తెగినప్పుడు అదుపు లేకుండా తినడం ఎక్కువగా కనిపించింది. ఈ రంగంలో వచ్చిన మంచి పరిశీలనల్లో ఇది ఒకటని నా అభిప్రాయం. ఎందుకంటే మన చుట్టుపక్కల డైట్ సలహాల్లో ఎక్కువ భాగం ఆ మొదటి రకమే.

ఆ తర్వాత దృష్టి పనుల వైపు మళ్లింది. 2013లో అమెరికా పరిశోధకులు ఏంజెలా పింటో, రీనా వింగ్ తదితరులు 30 ప్రశ్నల స్కేలు, అంటే మార్కులు వేసే ఫారం, ప్రచురించారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి జేమీ హార్ట్‌మన్-బోయ్స్ బృందం ఉపాయాల పెద్ద జాబితా, దాని మీద ఆధారపడిన ప్రశ్నావళి తెచ్చింది.

30 ప్రశ్నల స్కేలులో ఏం అడుగుతారు?

నాలుగు భాగాలు ఉంటాయి. తిండి ఎంపిక, తనను తాను గమనించుకోవడం, శారీరక శ్రమ, మనసుకు సర్దిచెప్పుకోవడం. ప్రతి పనినీ ఎంత తరచుగా చేశారో "ఎప్పుడూ లేదు" నుంచి "ఎల్లప్పుడూ" వరకు అయిదు మెట్లలో చెప్పాలి.

నాలుగో భాగాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు గానీ, అసలు కిటుకు అందులోనే ఉంది. ఒక పూట ఎక్కువ తినేశాక "అయిపోయింది, ఈ నెల డైట్ పాడైంది" అనుకుంటారా, మరుసటి పూట నుంచి మామూలుగా మొదలుపెడతారా? వారమంతా కష్టపడినా ముల్లు కదలకపోతే ఏమనుకుంటారు? ఇలాంటివి కూడా ఉపాయాలే. కాకపోతే అవి బయటికి కనిపించవు.

నాలుగు భాగాలనూ కలిపి ఒకే మార్కు చూస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. తిండి దగ్గర పూర్తి మార్కులు, నడకలో సున్నా ఉన్న మనిషికీ, అన్నింట్లోనూ సగం సగం ఉన్న మనిషికీ ఇవ్వాల్సిన సలహా ఒకటి కాదు. మీ చేతికి రిపోర్టు ఇస్తే విడివిడి మార్కులు అడిగి తీసుకోండి.

ఆక్స్‌ఫర్డ్ జాబితాలో 117 ఉపాయాలు ఉన్నాయంటారు. అన్ని ఎక్కడివి?

నిజమే, 23 విభాగాల్లో 117. క్లినిక్‌కు, జిమ్ ట్రైనర్ దగ్గరికి వెళ్లకుండా సొంతంగా తగ్గాలనుకునేవాళ్లు ఏం చేస్తారన్నది వాళ్ల ఆసక్తి. ఆ సంఖ్య చూసి భయపడనక్కర్లేదు. విభాగాలు చూస్తే మన పనులే కనిపిస్తాయి. లక్ష్యం పెట్టుకోవడం, నియమం పెట్టుకోవడం, ముందే ప్లాన్ చేసుకోవడం, తోడు వెతుక్కోవడం, కళ్లకు కనబడకుండా దాచేయడం, తగ్గినందుకు తనకు తానే ఏదైనా కొనిచ్చుకోవడం, ఎక్కువ తిన్న రోజు ఇంకోచోట సర్దుకోవడం, ఒంటికి ఏది పడుతుందో తనమీద తానే ప్రయోగం చేసి చూడటం.

ఈ చివరిది ప్రత్యేకంగా గమనించదగ్గది. "నాకు అన్నం మానేస్తే పనిచేసింది, మా చెల్లికి పనిచేయలేదు" అనేవాళ్లు నిజానికి చిన్న ప్రయోగం చేసినట్టే. దాన్ని కూడా ఉపాయంగా లెక్కలోకి తీసుకోవడం ఆ జాబితా చేసిన మంచి పని.

ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ బరువు తగ్గుతామనేనా?

కాదు, అంత సూటి లెక్క లేదు. కొందరు నాలుగైదు పనులు మాత్రమే చేస్తారు, కానీ ఏళ్ల తరబడి వదలరు. కొందరు నలభై పనులు మొదలుపెట్టి పండగ రాగానే అన్నీ వదిలేస్తారు. బరువు పెరిగిందన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లే ఎక్కువ ఉపాయాలకు టిక్కు పెడతారు కూడా. అందుకని ఒక్కసారి చేసిన సర్వేలో ఎక్కువ ఉపాయాలు, ఎక్కువ బరువు జతగా కనిపించినా ఆశ్చర్యం లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలాలంటే అదే మనుషులను కొన్ని నెలల పాటు మళ్లీ మళ్లీ అడగాలి.

అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ ఒక జాతీయ రిజిస్టర్ మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాది పాటు మళ్లీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్లకే అందులో చోటు. పది వేలకు పైగా చేరారు. వాళ్లలో 78 శాతం రోజూ టిఫిన్ చేస్తారు, 75 శాతం వారానికి ఒక్కసారైనా తూచుకుంటారు, 62 శాతం వారానికి పది గంటల కన్నా తక్కువ టీవీ చూస్తారు, 90 శాతం సగటున రోజుకో గంట వ్యాయామం చేస్తారు.

ఈ అంకెలను వాట్సాప్‌లో "బరువు తగ్గే నాలుగు సూత్రాలు" అని పంపించేస్తుంటారు. అక్కడే పొరపాటు. రిజిస్టర్‌లో ఉన్నది నెగ్గినవాళ్లు మాత్రమే, అదీ తమంతట తాముగా వచ్చి చేరినవాళ్లు. రోజూ టిఫిన్ చేసి, గంట నడిచి కూడా బరువు మళ్లీ పెరిగినవాళ్లు ఎందరో ఆ లెక్కలో ఉండరు. వాళ్ల అలవాట్లు తెలుసుకోవడానికి ఆ అంకెలు పనికొస్తాయి, మనకు హామీగా పనికిరావు.

రోజూ తూచుకోవడం మంచి ఉపాయమేనా?

చాలామందికి మంచిదే, కొందరికి కాదు. 2006లో రీనా వింగ్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం దీని మీద చక్కగా వెలుగు వేస్తుంది. అంతకుముందు రెండేళ్లలో తమ బరువులో పదో వంతైనా తగ్గిన 314 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముఖాముఖి క్లాసులు, ఇంకో గుంపుకు ఇంటర్నెట్ ద్వారా అవే పాఠాలు, మూడో గుంపుకు పోస్టులో కరపత్రాలు. మొదటి రెండు గుంపులకు ట్రాఫిక్ సిగ్నల్ మాదిరి రంగులు నేర్పారు. మొదలుపెట్టిన బరువు మీద దాదాపు కిలోన్నర లోపు తేడా ఉంటే పచ్చ, అది దాటితే పసుపు, రెండుంపావు కిలోలు దాటితే ఎరుపు. ఏ రంగులో ఏం చేయాలో ముందే నిర్ణయించి పెట్టారు.

ఏడాదిన్నర తర్వాత చూస్తే కరపత్రాల గుంపులో 72.4 శాతం మంది ఆ ఎర్ర గీత దాటిపోయారు. ఇంటర్నెట్ గుంపులో 54.8 శాతం, ముఖాముఖి గుంపులో 45.7 శాతం. రోజూ తూచుకోవడం వల్ల మేలు కనిపించింది కూడా ఏం చేయాలో నేర్చుకున్న ఆ రెండు గుంపుల్లోనే. తూచుకుని, అంకె చూసి నిట్టూర్చి దిగిపోతే అది ఉపాయం కాదన్నమాట. అందుకే మంచి ప్రశ్నావళిలో "తూచుకున్నారా" తర్వాత "పెరిగితే ఏం చేశారు" అని ఇంకో ప్రశ్న ఉండాలి.

నీళ్లు, ఉప్పు, మలబద్ధకం, నెలసరి వల్ల రోజు రోజుకూ కిలో అటూ ఇటూ కావడం మామూలే. ఆ తేడాకే రోజంతా మనసు పాడైపోయే స్వభావం ఉంటే వారానికోసారి చాలు.

జనం ఫారంలో నిజం రాస్తారా?

కావాలని అబద్ధం రాసేవాళ్లు తక్కువ. తెలియకుండానే తగ్గించి చెప్పేవాళ్లు చాలామంది. దీని మీద 1992లో న్యూయార్క్ పరిశోధకులు చేసిన అధ్యయనం బాగా పేరు పొందింది. రోజుకు 1200 కేలరీల లోపే తింటున్నా తగ్గడం లేదన్న పది మందిని తీసుకున్నారు. ప్రత్యేకమైన నీళ్లు తాగించి, మూత్ర పరీక్షల ద్వారా వాళ్ల శరీరం నిజంగా ఎంత శక్తి ఖర్చు చేస్తోందో లెక్కగట్టారు. మెటబాలిజంలో లోపమేమీ లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి చెప్పారు, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెప్పారు.

ఇది చదివి లావుగా ఉన్నవాళ్లు అబద్ధాలకోరులని తీర్మానించేవాళ్లుంటారు. సన్నగా ఉన్నవాళ్లు కూడా తగ్గించే చెబుతారు. వంట చేస్తూ రుచి చూసింది, పిల్లాడి ప్లేటులో మిగిలింది, ఆఫీసులో ఎవరి బర్త్‌డేకో నోట్లో వేసుకున్న కేకు ముక్క ఎవరికి గుర్తుంటాయి?

ఉపాయాల ప్రశ్నావళికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఎదురుగా డైటీషియన్ కూర్చుని "కూరగాయలు ఎక్కువ తింటున్నారా" అంటే లేదని చెప్పడానికి మొహమాటం. పక్కన అత్తగారు ఉంటే మరీను. ఫారం ఎవరికి వాళ్లు విడిగా నింపుకునేలా చూడటం, "సాధారణంగా" అని కాకుండా "పోయిన నాలుగు వారాల్లో" అని అడగడం, ఏమీ చేయకపోవడం కూడా మామూలే అన్నట్టు ప్రశ్న రాయడం కొంత సాయపడతాయి. పూర్తిగా సరిదిద్దలేవు.

స్మార్ట్‌వాచ్, యాప్ అన్నీ లెక్కపెడుతున్నాయిగా?

వాచీ అడుగులు లెక్కపెడుతుంది. మీరు బస్సు తప్పిపోయి నడిచారో, ఒక స్టాపు ముందే దిగి నడిచారో దానికి తెలియదు. రెండోదే ఉపాయం. తిండి యాప్‌లు కూడా మీరు రాస్తేనే రాసుకుంటాయి, రాయడం మానేసిన రోజులు చాలాసార్లు ఎక్కువ తిన్న రోజులే. రోజులో నాలుగైదుసార్లు ఫోన్‌లో చిన్న ప్రశ్న పంపి అప్పటికప్పుడు జవాబు తీసుకునే పద్ధతి పరిశోధనల్లో వాడుతున్నారు. జ్ఞాపకం మీద భారం తగ్గుతుంది. కాకపోతే అలా అడుగుతూ ఉంటే అడిగినందుకే మనిషి జాగ్రత్తపడటం మొదలుపెడతాడు.

ఈ విదేశీ ప్రశ్నలు మన ఇళ్లకు సరిపోతాయా?

సగం సరిపోతాయి. మిగతా సగం గురించే ఎక్కువ చెప్పాలి.

ఆ ప్రశ్నల వెనక ఉన్న మనిషి తన సరుకులు తానే కొంటాడు, తన ప్లేటు తానే పెట్టుకుంటాడు, ప్యాకెట్ వెనక లేబుల్ చదువుతాడు. మన ఇళ్లలో ఉపాయం చాలాసార్లు ఒక మనిషిది కాదు, వంటింటిది. కూరలో నూనె ఎంత అన్నది తినేవాళ్లు నిర్ణయించరు. కాబట్టి "మీరు నూనె తగ్గించారా" అని ఇంటిపెద్దను అడిగితే వచ్చే జవాబుకు విలువ తక్కువ. "మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె అవుతుంది, ఎంతమంది తింటారు" అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల కేలరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వు చాలంటుంది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. ఆ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు, నెయ్యి కూడా అందులోనే. మీ ఇంటి సరుకుల చీటీ తీసి ఒకసారి పోల్చి చూడండి.

అన్నం సంగతి ఇంకా వేరు. చిన్న ప్లేటు వాడటం అక్కడ మంచి ఉపాయం. మన భోజనం ఒక్కసారి వడ్డించుకుని ముగించేది కాదు. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి ఇంకొంత. ప్లేటు ఎంత చిన్నదైనా మారు వడ్డనతో లెక్క తప్పుతుంది. మొదట ఎంత పెట్టుకున్నారని కాకుండా ఎన్నిసార్లు పెట్టుకున్నారు, పెరుగులోకి మళ్లీ అన్నం వేసుకున్నారా అని అడగాలి. పెళ్లిళ్లలో, చుట్టాలింట్లో కొసరి కొసరి వడ్డిస్తారు కాబట్టి "వద్దని ఎన్నిసార్లు చెప్పగలిగారు" అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే.

ఇంకొకటి, ఆడవాళ్లను తప్పనిసరిగా అడగాల్సింది: "గిన్నెలో మిగిలింది పారేయలేక మీరే తినేస్తారా?" ఎన్నో ఇళ్లలో అందరూ తిన్నాక చివర్లో తినేది వండినవాళ్లే. కంచం ముందు పెట్టుకోకుండా తినే ఆ తిండి ఏ ఫారంలోనూ పడదు.

అన్నం బదులు ఇంకొకటి తినడం మన దగ్గర బాగా పెరిగిన ఉపాయం. కొర్రలు, జొన్నరొట్టె, రాగి సంకటి, చపాతీ. ఇక్కడ కూడా రకంతో పాటు కొలత అడగాలి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వండని బియ్యం 100 గ్రాముల్లో 356 కేలరీలుంటే, జొన్నల్లో 334, రాగుల్లో 321. పీచు, ఖనిజాలు ఎక్కువన్నది నిజం, కడుపు నిండినట్టు ఉంటుందన్నదీ నిజం. అంతే తూకం తింటే మాత్రం కేలరీల్లో తేడా కొద్దిగానే.

ఉపవాసం బరువు ఉపాయం కిందికి వస్తుందా?

ఎందుకు ఉన్నారన్న దాన్నిబట్టి. కార్తీక సోమవారం, ఏకాదశి, శనివారం ఒక్కపొద్దు, రంజాన్ రోజాలు భక్తితో చేసేవి. వాటిని బరువు ఉపాయాల్లో కలిపేస్తే లెక్క పాడవుతుంది. "ఎలాగూ ఉపవాసం, బరువు కూడా తగ్గుతాను" అనుకునేవాళ్లూ ఉన్నారు కాబట్టి రెండు కారణాలకూ టిక్కు పెట్టే వీలు ఉండాలి. ఉపవాసం విడిచాక ఏం తిన్నారో కూడా అడగండి. అన్నం మానేసి మినపరొట్టె, ఉప్మా, అరటిపళ్లు, సగ్గుబియ్యం పాయసంతో గడిపే ఒక్కపొద్దులు మనకు కొత్త కాదు.

హాస్టల్లో ఉంటున్నాను. వంట నా చేతిలో లేదు. నాకు మార్కులు తక్కువే వస్తాయిగా?

వస్తాయి. అది మీ లోపం కాదు, ఫారం లోపం. అవకాశమే లేని పనికి "ఎప్పుడూ లేదు" అని పెడితే చేయాలనుకోని మనిషితో సమానంగా లెక్కపడుతుంది. మంచి ఫారంలో "నాకు వర్తించదు" అన్న గడి వేరుగా ఉంటుంది. లేకపోతే పక్కన రాసి ఇవ్వండి. మీ చేతిలో ఉన్నవి ఏమిటంటే మారు వడ్డన, బయట తినే బిర్యానీ, కూల్‌డ్రింకులు, రాత్రి పూట ఆర్డర్లు, నడక. వాటినే కొలుచుకోండి.

ప్రాజెక్టు కోసం తెలుగులో ప్రశ్నావళి తయారుచేయాలి. ఏం చూసుకోవాలి?

ముందు తయారుచేసినవాళ్ల దగ్గర అనుమతి తీసుకోండి. ఇద్దరు విడివిడిగా అనువదించి కలిపి చూసుకోవాలి, మూడో మనిషి దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చి చూడాలి. అంతకన్నా ముఖ్యమైనది, ఓ పది మందిని కూర్చోబెట్టి ప్రతి ప్రశ్నకూ "మీకు ఏం అర్థమైంది" అని అడగడం. శ్రీకాకుళంలో, కర్నూలులో, కరీంనగర్‌లో వేరువేరుగా అడగండి. తేడాలు అక్కడే బయటపడతాయి.

ప్రాజెక్టు గైడ్లు క్రోన్‌బాక్ ఆల్ఫా అనే అంకె అడుగుతారు. 1951 నుంచి ఉన్న కొలత అది, 0.7 దాటితే సరే అంటారు. ఒక భాగంలోని ప్రశ్నలన్నీ ఒకే వైపు లాగుతున్నాయా అన్నది చూపుతుంది. ఉపాయాల జాబితాకు దాన్ని గుడ్డిగా వాడొద్దు. రాత్రి భోజనం తగ్గించినవాళ్లు "ఇక నడవక్కర్లేదులే" అనుకోవచ్చు. ఒక ఉపాయం ఇంకోదానికి బదులుగా వచ్చే చోట ఆల్ఫా తగ్గడం సహజం. రెండు వారాల తర్వాత అదే ఫారం మళ్లీ ఇచ్చి జవాబులు నిలబడుతున్నాయో లేదో చూడటం ఇక్కడ ఎక్కువ ఉపయోగం.

ఇంట్లో నాకు నేనే కొలుచుకోవాలంటే?

పరిశోధన స్థాయి ఫారం అక్కర్లేదు. కింది పనులకు ఎప్పుడూ లేదు అయితే 0, ఎల్లప్పుడూ అయితే 4 చొప్పున పోయిన నాలుగు వారాలకు రాసుకోండి. ఇది నేను రాసిన పట్టీ, పరీక్షించిన స్కేలు కాదు.

- పెరుగులోకి మళ్లీ అన్నం పెట్టుకోకుండా ఆపాను
- కూర, పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా కలుపుకున్నాను
- టీ, కాఫీల్లో చక్కెర తగ్గించాను లేదా మానేశాను
- మిగిలినదాన్ని తినేయకుండా తీసి పెట్టాను
- చిప్స్, స్వీట్లు ఇంటికి తేలేదు
- అరగంటైనా నడిచాను
- తూచుకున్నాను, పెరిగితే ఏదో ఒకటి మార్చాను
- ఒక పూట ఎక్కువైనా మరుసటి పూట మామూలుగా తిన్నాను

మొత్తం కూడకండి. ఏ వరసలో సున్నాలు ఉన్నాయో చూసి, వాటిలో తేలికైనది ఒకటి పట్టుకోండి.

ప్రమాదకరమైన పద్ధతులను కూడా కొలుస్తారా?

కొలవాలి. తిన్నది కక్కేయడం, విరేచనాల మాత్రలు, ఆకలి చంపడానికి సిగరెట్, రోజుల తరబడి ఏమీ తినకపోవడం, పేరు తెలియని పొడులు. వీటిని అడగకపోతే ఉన్నాయని తెలియదు. అయితే వీటిని మంచి ఉపాయాలతో కలిపి మార్కులు వేయకూడదు. ఎవరైనా వీటికి టిక్కు పెడితే ఆ ఫారం పక్కన పెట్టి డాక్టరుతోనో సైకాలజిస్టుతోనో మాట్లాడించాలి. తిండి గురించి ఇప్పటికే విపరీతంగా ఆలోచించేవాళ్లకు, గర్భిణులకు ఇలాంటి పట్టీలు ఇవ్వకపోవడమే మంచిది.

పిల్లలకు వాడొచ్చా?

పెద్దల ఫారం పిల్లలకు ఇవ్వొద్దు. ఎదిగే వయసులో "బరువు తగ్గడానికి ఏం చేస్తున్నావు" అన్న ప్రశ్నే తప్పు సంకేతం పంపుతుంది. ఇంటి అలవాట్లను తల్లిదండ్రులనే అడగండి.

బరువు ఇంజెక్షన్లు వాడుతున్నాను. నాకు ఈ గొడవంతా ఎందుకు?

మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఆకలి తగ్గుతుంది కాబట్టి చాలా ఉపాయాలు అవసరం లేనట్టే అనిపిస్తుంది. కానీ వెగోవీలోని మందు సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఆపే ఆలోచన ఉంటే, ఆకలి తిరిగొచ్చాక ఏ పనులు మీకు తోడుంటాయో వాడుతున్నప్పుడే చూసుకోవడం మంచిది. మందు వాడేవాళ్లకు ప్రశ్న కూడా మారాలి. ఎంత తగ్గించారన్న దానికన్నా తినాల్సిన పప్పు, గుడ్డు, పెరుగు తింటున్నారా, కండ తగ్గకుండా బరువులు ఎత్తే వ్యాయామం చేస్తున్నారా అన్నవే ముఖ్యం.

ఎన్నాళ్లకోసారి నింపాలి?

నెలకోసారి చాలు. వారం వారం నింపితే పోయినసారి రాసినదే గుర్తొచ్చి చెయ్యి అలవాటుగా అవే గడుల్లోకి పోతుంది. సంక్రాంతి, దసరా, పెళ్లిళ్లు, ఆవకాయ పెట్టే రోజులు, పిల్లల పరీక్షలు, ఊరి ప్రయాణాలు ఉన్న నెలల దగ్గర ఆ సంగతి రాసి పెట్టుకోండి. జనవరి మార్కులను డిసెంబరుతో పోల్చకుండా పోయిన ఏడాది జనవరితో పోల్చండి.